27 వేల పళ్ళ చీటీ, అందులో లేని అంగిలి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి, నా వయసు 34. మా ఆయనకి నెల్లాళ్ళుగా ఎడమవైపు కింది దవడ పన్ను రాత్రి పడుకోగానే లాగేస్తోంది. మందుల షాపులో చెప్పి తెచ్చుకున్న బిళ్ళలతో నెట్టుకొస్తున్నారు. మొన్న మేమిద్దరం, మా బాబు (ఏడేళ్ళు) క్లినిక్‌కి వెళ్తే చీటీ రాసిచ్చారు. ఆయనకి 36 ఆర్‌సీటీ (రూట్ కెనాల్), క్యాప్, 46, 47 ఫిల్లింగ్, 48 ఎక్స్‌ట్రాక్షన్. నాకు బ్రష్ చేస్తే రక్తం వస్తోందని స్కేలింగ్. బాబుకి 75 పల్పెక్టమీ, స్టీల్ క్యాప్. అంతా కలిపి 27 వేలు. ఇంత అవసరమా? క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని, ఊడిపోయే పాలపన్నుకి వేలు పోయడం పిచ్చితనమని ఇరుగుపొరుగు అంటున్నారు. నొప్పి ఉన్నది ఒక్కటీ పీకించేస్తే పోదా అని మా ఆయన. ఇంకో మాట, మా అత్తయ్యకి (66) అంగిలి మీద తెల్లగా అయి మధ్యలో ఎర్రగా ఉంది, కారం తగిలితే మంట అంటున్నారు. వాళ్ళది కవిటి వైపు పల్లె, ఆవిడకి ఎప్పటినుంచో అడ్డచుట్ట అలవాటు, ఇక్కడికొచ్చాక గుడాఖు కూడా. పై పళ్ళు చాలావరకు పోయాయి, సంతలో పళ్ళు కట్టే ఆయన దగ్గర కట్టించుకుంటానంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో "ఇంకో మాట" అని రాసిన దాన్నే నేను ముందు పెడుతున్నా. చీటీలో ఉన్నవన్నీ కాస్త అటూ ఇటూ అయినా కొంపలు మునగవు, మీ అత్తయ్య గారి అంగిలి మాత్రం ఈ వారంలో ఎవరైనా డాక్టరు లైటు వేసి చూడాలి. ఆవిడని క్లినిక్‌కి తీసుకెళ్ళలేదు కాబట్టి అది చీటీలోకి ఎక్కలేదు, అంతే.

మామూలుగా చుట్టా బీడీ కాల్చేవాళ్ళకి అంగిలి తెల్లబడి, సన్నగా ఎర్రచుక్కలు కనిపించడం మేం తరచూ చూస్తాం, అలవాటు మానేస్తే చాలామందికి అది తగ్గిపోతుంది కూడా. అడ్డచుట్ట సంగతి వేరు. నిప్పు ఉన్న కొస నోట్లో ఉంటుంది కాబట్టి ఆ వేడీ ఆ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి మీద క్యాన్సర్ మామూలుగా అరుదు, కానీ అడ్డచుట్ట కాల్చేవాళ్ళలో వచ్చే చోటు అదే. ఇది శ్రీకాకుళం డాక్టర్లకి కొత్త విషయమేం కాదు, ఆ జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా జనం అంగిళ్ళు పరీక్షించి 1971లోనే ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. అన్ని మచ్చలూ క్యాన్సర్ కావు, ఎక్కువ శాతం కావు. అయితే ఉత్త తెల్ల మచ్చ కన్నా, తెలుపులో ఎరుపు కలిసింది, మంట పుట్టేది, పుండు పడింది, గట్టిగా తగిలేది ఎక్కువ అనుమానించాల్సినవి. మీరు రాసింది "తెల్లగా అయి మధ్యలో ఎర్రగా, కారానికి మంట". అందుకే తొందరపెడుతున్నా.

నోట్లో ఏ పుండైనా, మచ్చయినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే చూపించుకోవాలన్నది మా వృత్తిలో ఏ దేశంలోనైనా పాటించే లెక్క. ముందు మీరు వెళ్ళిన దంత వైద్యుడి దగ్గరికే తీసుకెళ్ళండి, ఆయనకి అనుమానం వస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటారు, దాన్నే బయాప్సీ అంటారు. పర్లాకిమిడిలో కుదరకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, మీకు వీలైతే విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళండి. గుణుపూర్ నుంచి విశాఖ వెళ్ళే రైలు మీ ఊరి మీదుగానే వెళ్తుంది కదా, అత్తయ్య గారికి భాష ఇబ్బంది కూడా ఉండదు. కర్మం కాలి అది క్యాన్సరే అని తేలినా, అటు కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, ఇటు విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే ఈ క్యాన్సర్ నయమవుతుంది, ఆలస్యమైతే అంగిలి ఎముక కూడా తీయాల్సి వస్తుంది.

"ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుంది" అని మీ వీధిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఆ మాట వినకండి. మత్తు సూది వేసి పెసరగింజంత ముక్క తీస్తారు, అవసరమైతే ఒక కుట్టు వేస్తారు, దానితో ఏదీ పాకదు. ఆ ముక్క చూడకుండా మందు రాసేవాళ్ళని నమ్మకండి.

అలవాటు మానిపించే పని మీ మీద వేసుకోకండి, కోడలు చెప్తే అది ఇంకో గొడవవుతుంది. ఆ మాట డాక్టరు చేత ఆవిడ ముందే చెప్పించండి. గుడాఖు కూడా పొగాకే, బెల్లపు మడ్డీ సున్నం కలిపి చేసిన ముద్ద. పళ్ళు తోముకునే మందులా వాడతారు కానీ అందులో ఉన్న నికోటిన్‌కే నోరు అలవాటు పడుతుంది, పొద్దున్న రాసుకోకపోతే తల పట్టేసినట్టుంటుందని ఆడవాళ్ళు చెప్పేది అందుకే. ఒకేసారి మానడం కష్టమైతే నికోటిన్ చూయింగ్ గమ్ములున్నాయి, డాక్టరు చూసి చెప్తారు.

ఇక పళ్ళు కట్టించుకోవడం. పై సెట్టు వేస్తే అది అంగిలి మొత్తాన్ని కప్పేస్తుంది. అంటే మచ్చ కింద దాగిపోతుంది, పైగా రాపిడి. కాబట్టి అంగిలి సంగతి తేలేదాకా ఏ పళ్ళూ వద్దు. తేలాక కూడా సంతలో ఆయన దగ్గర మాత్రం వద్దే వద్దు. ఆయన చేసేదేమిటంటే, అక్కడికక్కడే గట్టిపడే పొడీ ద్రావకం కలిపి, పక్క పళ్ళకి తీగ చుట్టి, కొత్త పన్ను అతికించేస్తాడు. తీయడానికి రాదు, తోమడానికి రాదు, కింద అన్నం మెతుకులు కుళ్ళి చిగురు పాడై, మంచిగా ఉన్న పక్క పళ్ళు కూడా రెండేళ్ళలో ఊగడం మొదలెడతాయి. అలా కట్టినవి కోసి తీసిన ప్రతిసారీ నాకు ఆ మనిషి మీద కాదు, అది అంత చవగ్గా దొరకాల్సి వచ్చిన మన పరిస్థితి మీదే కోపం వస్తుంది.

ఇప్పుడు చీటీకి వద్దాం.

ముందు ఆ నంబర్లు అర్థం చేసుకోండి, భయం సగం తగ్గుతుంది. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెప్తుంది: 1 అంటే పై కుడి, 2 పై ఎడమ, 3 కింది ఎడమ, 4 కింది కుడి. అది మీ ఆయన కుడి ఎడమలు, ఎదురుగా నిలబడి చూసేవాళ్ళవి కాదు. రెండో అంకె ముందు పళ్ళ మధ్య నుంచి లెక్క. కాబట్టి 36 అంటే ఎడమ కింది దవడలో ఆరోది, ఇప్పుడు నొప్పి పెడుతున్నది అదే. 46, 47, 48 మూడూ కుడి కింది దవడలో వెనక వరసగా ఉన్నవి, చివరి 48 జ్ఞానదంతం. పాలపళ్ళకి మొదటి అంకెగా ఇదే వరసలో 5 నుంచి 8 వరకు వాడతారు, బాబుకి రాసిన 75 ఎడమ కింది దవడలో చివరి పాలపన్ను. అద్దం ముందు నిలబడి ఒక్కోటీ చూసుకోండి, నల్లగా కనిపించేదీ చీటీలో రాసిందీ సరిపోతోందా లేదా తెలుస్తుంది. నల్లగా ఉన్న ప్రతిదీ పుచ్చు కాదు లెండి, టీ మరక, పాన్ మరక కూడా గీతల్లో నల్లగా దిగుతుంది, ఆ తేడా డాక్టరు ఎక్స్‌రేతో చూపించాలి.

36 గురించి. రాత్రి పడుకోగానే దానంతటదే మొదలయ్యే నొప్పి అంటే పుచ్చు పైపొరలు దాటి లోపల నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు దాకా పోయిందని. ఆ గుజ్జు ఒకసారి అంత వాచాక మళ్ళీ మామూలు కాదు, ఏ బిళ్ళా దాన్ని బాగుచేయదు. కొన్నాళ్ళకి నొప్పి హఠాత్తుగా పోవచ్చు, మీ ఆయన "చూశావా తగ్గిపోయింది" అనవచ్చు. తగ్గలేదు, లోపల నరం చచ్చిపోయింది. తర్వాత ఆ కుళ్ళు వేరు చివర నుంచి ఎముకలోకి దిగి చీము పడుతుంది, ఈసారి దవడ వాస్తుంది.

ఇక్కడ దారులు రెండే, రూట్ కెనాల్ లేదా పీకించడం. ఊరికే ఉండటం అనే మూడో దారి లేదు. రూట్ కెనాల్‌లో చేసేదేమిటంటే, మత్తు సూది వేసి, పన్ను పైన చిన్న రంధ్రం చేసి, లోపలి గుజ్జు అంతా తీసి, వేళ్ళలో ఉన్న సన్నని కాలువలను సూదుల్లాంటి ఫైళ్ళతో గీకి, మందు నీళ్ళతో కడిగి, గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేస్తారు. కింది ఆరో పన్నుకి మామూలుగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. అందుకే ముందు పంటి కన్నా దీనికి టైమూ డబ్బూ ఎక్కువ. ఒక సిట్టింగ్‌లో చేసేవాళ్ళున్నారు, చీము ఉంటే రెండు మూడు సిట్టింగులు పడుతుంది. రెండు మూడు రోజులు కొరికితే కాస్త నొప్పి ఉండటం సహజం. అందరూ చేసే పొరపాటు ఒకటి చెప్తా. మొదటి సిట్టింగ్‌కే నొప్పి పోతుంది కదా, మళ్ళీ క్లినిక్ ముఖం చూడరు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంటు నెల రెండు నెలల్లో ఊడిపోయి, ఉమ్మి లోపలికి దిగి, మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది, రెండోసారి చేయడం మొదటిసారి కన్నా కష్టం, ఖర్చు.

క్యాప్ దోపిడీ కాదు. పుచ్చు తిన్నది పోగా, రంధ్రం చేసింది పోగా, మిగిలిన పన్ను పైకప్పు లేని ఇంటి గోడల్లా నిలబడి ఉంటుంది. ఎప్పుడో వేరుశనగ పలుకు కొరికినప్పుడు నిలువునా చీలితే ఇక పీకడం తప్ప ఏమీ చేయలేం, అప్పుడు రూట్ కెనాల్ డబ్బు కూడా దండగ. అయితే ఏ క్యాప్ అన్నది మీ చేతిలో ఉంది. జిర్కోనియా అందంగా, గట్టిగా ఉంటుంది, ఖరీదు. మెటల్ మీద పింగాణీ పూసిన రకం మధ్యస్థం, పింగాణీ పెచ్చు లేచే అవకాశం ఉంది. ఉత్త మెటల్ క్యాప్ అన్నింటికన్నా చవక, వెండిరంగులో కనిపిస్తుంది. మీ ఆయన నవ్వితే ఆరో పన్ను కనిపించదు, కాబట్టి మెటల్ వేయించుకున్నా నమలడానికి ఏ లోటూ లేదు, నికెల్ పడని ఒంటితత్వం ఉంటే మాత్రం ముందే చెప్పాలి. మీ 27 వేలలో ఏ రకం క్యాప్ లెక్క వేశారో అడగండి. చాలా చీటీల్లో పెద్ద అంకె అక్కడే కూర్చుంటుంది.

పీకించేస్తే పోదా అన్న మీ ఆయన ప్రశ్న తప్పేం కాదు. పోతుంది, ఇవాళ్టికి చవకే. కానీ ఆ ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, పైన ఉన్నది కిందికి దిగుతుంది, కొన్నేళ్ళకి ఆ వైపు నమలడమే మానేస్తారు. అప్పుడు బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో పెట్టే కట్టుడు పన్ను) అంటే రెండు వైపులా ఉన్న మంచి పళ్ళని అరగదీయాలి, ఇంప్లాంట్ అంటే టైటానియం మరమేకు ఎముకలో బిగించి, అది అతుక్కోవడానికి నెలలు ఆగి పైన పన్ను పెట్టాలి, రెండూ రూట్ కెనాల్ కన్నా ఖరీదే. నా మాట అడిగితే, ఆ పన్ను గోడలు నిలబడగలిగినంత మిగిలి ఉంటే కాపాడుకోవాలి. డబ్బు నిజంగా లేకపోతే మాత్రం, కుళ్ళిన పన్నుని బిళ్ళలతో ఏడాది మోయడం కన్నా పీకించేయడం నయం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ బిళ్ళల గురించి ఆగి చెప్పాలి. మీ ఆయనది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో ఆ ఊరి మనిషికి నేను చెప్పక్కర్లేదు. పంటి నొప్పికి షాపుల్లో అలవాటుగా ఇచ్చే డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు కిడ్నీకి భారం, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి మరీ ప్రమాదం, ఆ జబ్బేమో చాలా ముదిరేదాకా బయటపడదు. నెల రోజులు ఆ బిళ్ళలు మింగిన మనిషి కాబట్టి ముందు ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఖర్చు తక్కువే. ఫలితం చూసేదాకా వాటిని ఆపి, నొప్పి ఉంటే పారాసిటమాల్ వేసుకోమనండి, అదీ రోజుకి 4 గ్రాములు దాటకుండా, అంటే 650 బిళ్ళలు రోజు మొత్తానికి ఆరు లోపే. లివర్ జబ్బున్నా, తాగే అలవాటున్నా ఇంకా తక్కువ, డాక్టర్ని అడిగే వేసుకోవాలి. షాపులో ఇచ్చే "రెండూ కలిసిన" బిళ్ళల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే ఆ మాట దంత వైద్యుడికి మొదటి రోజే చెప్పాలి, షుగరు, బీపీ, రక్తం పలచబడే మందుల సంగతి కూడా. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు పన్ను పీకించుకోవాలని దాన్ని సొంతంగా ఆపేయకూడదు.

యాంటీబయోటిక్ కూడా ఇంతే. ఉత్త పంటి నొప్పికి అది పనిచేయదు, జ్వరం, ముఖం వాపు ఉంటేనే దాని అవసరం, అప్పుడు కూడా పన్ను పని చేయించుకోవాల్సిందే. వాపు దవడ కిందికి, గొంతు వైపు పాకినా, మింగడం కష్టమైనా, నోరు తెరుచుకోకపోయినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికి వెళ్ళండి, ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. లవంగ నూనె దూదితో పన్ను గుంటలో పెడితే కాసేపు ఉపశమనమే, తప్పు లేదు. ఆస్పిరిన్ బిళ్ళ నలిపి చిగురు మీద పెట్టడం మాత్రం వద్దు, చర్మం కాలుతుంది.

46, 47కి నొప్పి లేదు కాబట్టి వాటిని "తర్వాత చూద్దాం" అనుకుంటారు. నెలా రెండు నెలలు ఆగవచ్చు, రెండేళ్ళు కాదు. ఈ 36 కూడా ఒకప్పుడు ఫిల్లింగ్‌తో పోయేదే కదా. పంటి రంగు కాంపోజిట్ ఫిల్లింగ్ నీలి లైటుతో గట్టిపరుస్తారు, పన్ను పొడిగా ఉంచి ఓపిగ్గా చేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. పుచ్చు పైపొర దాటలేదని ఎక్స్‌రేలో తేలితే ఫిల్లింగ్ కూడా వెంటనే అక్కర్లేదు, ఫ్లోరైడ్ పెట్టి ఆరు నెలలకి మళ్ళీ చూడవచ్చు. అడగండి.

48 దగ్గర మాత్రం నేనైతే "ఎందుకు తీయాలి?" అని సూటిగా అడుగుతా. జ్ఞానదంతం ఉన్నంత మాత్రాన తీయాలని లేదు. ఏ ఇబ్బందీ పెట్టని దాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్ ఆరోగ్య వ్యవస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది. అది వంకరగా వచ్చి 47ని తోస్తుంటే, మధ్యలో అన్నం ఇరుక్కుంటుంటే, దాని మీది చిగురు పదేపదే వాస్తుంటే తీయించాలి. మీ చీటీలో 47కి కూడా ఫిల్లింగ్ రాశారు చూడండి, ఆ పుచ్చు వెనకవైపున, 48 ఆనుకున్న చోట ఉంటే ఆ డాక్టరు సరిగ్గానే ఆలోచించినట్టు, ఎందుకంటే 48 అలాగే ఉంచి ఫిల్లింగ్ వేస్తే మళ్ళీ అక్కడే పుచ్చుతుంది. పుచ్చు పైన మధ్యలో ఉంటే 48కి ఇంకేదైనా కారణం ఉండాలి. కింది జ్ఞానదంతం వేళ్ళు పెదవికి స్పర్శనిచ్చే నరానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి తీసేముందు మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించమనండి. తీశాక గాజుగుడ్డ ముప్పావుగంట కరిచిపట్టాలి, ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు, పొగ అసలే వద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి మందు, అది ఊడిపోతే రెండో రోజో మూడో రోజో చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది, అప్పుడు ఓర్చుకోకుండా మళ్ళీ వెళ్ళాలి.

మీ స్కేలింగ్. బ్రష్ చేస్తే రక్తం వస్తోందంటే చిగుళ్ళు వాచాయని, రక్తం వస్తోందని ఆ చోట తోమడం తగ్గిస్తే ఇంకా వాస్తాయి. పాచి గట్టిపడి గారగా మారాక ఏ బ్రష్షూ ఏ ఉప్పూ దాన్ని తీయలేదు, కంపించే యంత్రంతో మేమే తీయాలి. పళ్ళు వదులైపోతాయన్న మాటకి మూలం ఉంది. ఏళ్ళ తరబడి గార పేరుకున్నవాళ్ళకి లోపల ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది, ఆ గారే పళ్ళని ఒకదానికొకటి అతికించి పట్టుకుని ఉంటుంది. అది తీసేసరికి అప్పటిదాకా కనిపించని కదలికా సందులూ బయటపడతాయి, నింద స్కేలింగ్ మీద పడుతుంది. 34 ఏళ్ళకి మీకు ఆ పరిస్థితి వచ్చి ఉండదు. నాలుగైదు రోజులు చల్లటి నీళ్ళకి జివ్వుమంటుంది, అంతే. స్కేలింగ్ అంటే తెల్లబరచడం కాదు, గార పోతుంది కానీ మీ పళ్ళ సహజ రంగు అదే ఉంటుంది. దానితోపాటు బ్లీచింగ్ కూడా చేయించుకోమంటే ఇప్పుడు వద్దని చెప్పేయండి.

బాబు పన్ను విషయంలో ఇరుగుపొరుగు చెప్పేది వినడానికి బాగుంటుంది, లెక్కకి నిలవదు. 75 పదీ పన్నెండేళ్ళ మధ్య ఊడుతుంది, వాడికి ఏడేళ్ళు. ఇంకా మూడు నుంచి ఐదేళ్ళు దానితో నమలాలి, కింద వచ్చే పెద్ద పన్నుకి అది చోటు కాపాడాలి. ముందే తీసేస్తే దాని వెనక పన్ను ముందుకి జరిగి చోటు మూసేస్తుంది, తర్వాత పళ్ళు వంకరగా వచ్చాయని క్లిప్పులకి పెట్టే డబ్బు ముందు ఈ ఖర్చు చిన్నది. చీము పట్టి అసలు నిలవని స్థితిలో ఉంటే తీసేసి, చోటు పోకుండా చిన్న తీగ అమరిక పెడతారు. మీకు రాసినట్టు నరం శుభ్రం చేసి స్టీల్ క్యాప్ వేయడం మంచి పద్ధతే, పిల్లలకి అది గట్టిగా నిలుస్తుంది. దాని వెనకే ఇంకో దవడ పన్ను వచ్చిందేమో కూడా చూడండి. అది ఆరేళ్ళకి ఏ పాలపన్నూ ఊడకుండానే నిశ్శబ్దంగా వచ్చే శాశ్వత పన్ను, చాలామంది తల్లులు దాన్ని కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారు, అది పోతే మళ్ళీ రాదు. దాని పైన గీతలు లోతుగా ఉంటే సీలెంట్ పూయమని అడగండి, నొప్పి లేని చిన్న పని.

డబ్బు గురించి. 27 వేలు ఒకేసారి పెట్టక్కర్లేదు. అత్తయ్య గారి పరీక్ష, మీ ఆయన క్రియాటినిన్ ఈ వారం. 36 రూట్ కెనాల్, బాబు పన్ను ఈ నెల. మీ స్కేలింగ్, 36 క్యాప్ వచ్చే నెల, క్యాప్‌ని అంతకన్నా లాగకండి. ఫిల్లింగ్‌లు ఆ తర్వాత, 48 ఎక్స్‌రే చూశాక. ఏ పనికి ఎంతో విడివిడిగా రాసివ్వమని క్లినిక్‌లో అడగండి, మంచి డాక్టరు దీనికి విసుక్కోడు. ఒకసారి జిల్లా ప్రధాన ఆసుపత్రి దంత విభాగంలో కూడా అడిగి చూడండి, పన్ను తీయడం లాంటివి అక్కడ చాలా తక్కువలో అవుతాయి, రూట్ కెనాల్, క్యాప్ అన్ని చోట్లా చేయరు. విశాఖలో డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఫీజు తక్కువ, తిరగడం ఎక్కువ. ఎక్కడికెళ్ళినా గోడమీద రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, పనిముట్ల ప్యాకెట్టు మీ కళ్ళముందు విప్పుతున్నారో లేదో చూడండి. అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉందని చదవకుండా సంతకం పెట్టకండి, తెలుగులోనో ఒడియాలోనో చెప్పమని అడిగితే చెప్తారు.

పేస్టు ఏది వాడాలని మీరు అడగలేదు కానీ బాబు కోసం చెప్తున్నా. గొట్టం మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఏ పేస్టయినా పర్వాలేదు, బఠాణీ గింజంత చాలు. రాత్రి పడుకోబోయే ముందు తోమడం మీ చేత్తోనే చేయండి, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళకి వెనక పళ్ళు అందవు. నురగ ఉమ్మేశాక నీళ్ళతో పుక్కిలించనివ్వకండి, ఆ కాస్త ఫ్లోరైడ్ రాత్రంతా పళ్ళ మీద ఉండాలి. తర్వాత పాలూ బిస్కెట్లూ ఏమీ ఇవ్వకండి, దాహమైతే మంచినీళ్ళు.